రెండో వేలు

"వదిన ఉన్నదా?"

దుకాణం మెట్టు మీద చెప్పులు విడుస్తూ శైలేందర్ అడిగిన మొదటి మాట అది. కౌంటర్ వెనక వీరేందర్ నిలబడే ఉన్నాడు. నెత్తి మీద ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది. కనబడలేదనుకోవడానికి లేదు. వాద్యాలు బాగుచేసే ఆ దుకాణానికి అతను పాత గిరాకీ. ఒకప్పుడు ఇదే శైలేందర్ దిల్‌సుఖ్‌నగర్ డిపో వెనక సందు మలుపు తిరుగుతూనే "అన్నా!" అని కేకేసేవాడు. ఇప్పుడు అన్నను ఎదురుగా పెట్టుకొని వదిన కోసం మెడ సాచి లోపలికి చూస్తున్నాడు.

"ఏం, నేను మనిషి లెక్క కనిపిస్తలేనా?" అన్నాడు వీరేందర్. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయింది.

"అట్ల గాదన్నా. మొన్న వదిన వైర్లు మార్చినంక నా గిటారు మల్ల కిర్రుమనలే. అందుకే అడిగిన."

వెనక గదిలో సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, చేతులు చున్నీకి తుడుచుకుంటూ పద్మలత వచ్చింది. వీరేందర్ భార్య. చెక్క పని ఆమెకు నేర్పింది వీరేందరే. వైర్ల పని మాత్రం ఆమె ఫోన్లో చూసి, పాడైన రేడియోలు విప్పి, తనంతట తాను పట్టుకుంది. ఆ రెండో సగమే ఇప్పుడు వీరేందర్ కంట్లో నలుసు.

శైలేందర్ సంచీ విప్పి ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు కౌంటర్ మీద పడుకోబెట్టాడు. పెళ్లిళ్లకీ రిసెప్షన్లకీ వాయించే ఆర్కెస్ట్రాలో అతనిదే మెయిన్ గిటారు. తీగల కింద రెండు పికప్పులు ఉన్నాయి. తీగ కదలికను పట్టి స్పీకరుకు పంపే అయస్కాంతపు పెట్టెలు అవి. ఒక్కోదాని చుట్టూ నల్లటి ప్లాస్టిక్ చట్రం ఉంది. పికప్పు ఆ చట్రానికి స్ప్రింగుల మీద వేలాడుతుంది, చట్రం చెక్కకు బిగించి ఉంటుంది.

"గీ చట్రాలు తీసెయ్యాలె వదినా. పికప్పులు సీదా చెక్కకే బిగియ్యాలె. నడుమ ప్లాస్టిక్ వద్దు. చెక్క ఊగితే పికప్పు గూడ ఊగాలె. బెంగుళూరు పోరడొకడు వాయిస్తుంటే చూసిన, సౌండు గుండెల గుద్దినట్టున్నది."

"సౌండేం మారదు. ఊకె షోకు," అన్నాడు వీరేందర్.

"మారకుంటే మానె అన్నా. షోకన్న దీరుతది. ఏమంటవు వదినా?"

పద్మలత గిటారును వెల్లకిలా, బోర్లా తిప్పి చూసింది. వేలి కణుపుతో చెక్క మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. అలా తట్టి వినడం కూడా వీరేందర్ దగ్గర నేర్చుకున్నదే. తన అలవాటు ఆమె చేతిలో అంత అందంగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. తెలిసి బాధపడ్డాడు.

"చేద్దాం," అంది ఆమె. "కానీ చట్రముంటే ఎన్ని వంకరలైనా దాస్తది. చెక్కకు బిగిస్తే దాసేది ఏముండదు. బెజ్జం బెజ్జమే. జర టైం గావాలె."

"శుక్రవారం రిసెప్షన్ ఉన్నది, హయత్‌నగర్ దాటినంక ఫంక్షన్ హాల్ల. గురువారం పొద్దూకేలకు ఇయ్యి వదినా," అని చెప్పి, పోతూ పోతూ "వస్తనన్నా" అన్నాడు శైలేందర్. ఆ అన్నా ఆటోవాడికి చిల్లర ఇచ్చినట్టు ఉంది.

ఎల్బీనగర్లో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ సాయంత్రం స్కూటర్ మీద మెట్రో పిల్లర్ల కింద పోతుంటే పద్మలత వెనకనుంచి అతని చెవి దగ్గరికి వంగింది.

"అంతయ్య మల్ల ఫోన్ జేసిండు. బోర్డుకు తెల్లరంగు కొట్టి పెట్టిండంట. ఏం రాయాలె అని అడుగుతున్నడు."

పాత బోర్డు వెలిసిపోయి, పెయింటర్ అంతయ్య దాన్ని విప్పుకొని పోయాడు. దాని మీద ఇన్నాళ్లూ 'వీరేందర్ మ్యూజికల్ రిపేర్స్' అని ఉండేది. కొత్తదాని మీద తన పేరు కూడా రాయించమని పద్మలత ఇదివరకే ఒకసారి అడిగింది. అప్పుడు వీరేందర్ ట్రాఫిక్ మీద విసుక్కుని మాట తప్పించాడు.

"నా పేరు గూడ ఉంటే ఏమైతది? నేను జేస్తలేనా?"

"గీ శైలేందర్ గిటారు కానియ్యి. మంచిగొస్తే రాయిద్దాం."

"నిజంగనా?" అని అతని భుజం నొక్కింది. మాట ఇచ్చేశాక వీరేందర్‌కు తను ఏం ఇచ్చాడో అర్థమైంది. పని కుదిరితే ఆమె పేరు బోర్డెక్కుతుంది. ఆ తర్వాత "వదిన ఉన్నదా" అని ఎవరూ అడగనక్కరలేదు, సందు మొగదలే చదువుకుంటారు.

మర్నాడు పద్మలత పనికి కూర్చుంది. తీగలన్నీ విప్పింది, చట్రాలు ఊడదీసింది, వైర్లు వదులు చేసి పికప్పులు పక్కన పెట్టింది. చెక్కలో రెండు గుంతలు నోళ్లు తెరిచాయి. చట్రాల పాత బెజ్జాలలో చెక్కపొడి, జిగురు కలిపి కూరి, ఆరాక గీకి, ఎర్రరంగు సన్న కుంచెతో అద్దింది. ఆ రంగు అద్దడంలో ఎంత పొందిక అంటే, అక్కడ బెజ్జముండేదని కన్నతల్లికి కూడా తెలియదు. వీరేందర్ కౌంటర్ దగ్గర డోలక్ తాళ్లు బిగిస్తూ ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఎక్కడైనా చెయ్యి వణుకుతుందేమో అని చూశాడు. వణకలేదు.

పికప్పుకు రెండు వైపులా చెవుల్లాంటి రేకులుంటాయి. ఒక్కో చెవికి ఒక్కో స్క్రూ. చెవుల కింద చెక్క పలచగా ఉందని ఆమె గట్టి టేకు ముక్కలు కోసి గుంతల్లో అతికించింది. పికప్పు కింద వేయడానికి స్పాంజి కత్తిరించింది. డ్రిల్ బిట్టుకు పచ్చ టేపు చుట్టింది. ఆ టేపు చెక్కను తాకగానే ఆపాలి, లేదంటే బిట్టు గిటారు వీపులోంచి బయటికొస్తుంది. అప్పుడు దబ్బనంతో టేకు మీద చుక్క పొడిచి, తలెత్తి పిలిచింది.

"ఓ... ఏలు వెట్టు."

అది వీరేందర్ వాళ్ల ఇంటి పద్ధతి. అతని తండ్రి దశరథ చౌటుప్పల్ దగ్గర ఊళ్లో దర్వాజలు చేసే వడ్రంగి. ఆయన కొట్టంలో గుర్తు పెట్టినవాడు ఉలి దించకూడదు. ఇంకొకరు వచ్చి, ఆ గుర్తును చూసి, దాని మీద వేలు పెట్టి, "కానీ" అనాలి. ఎవరూ లేకపోతే పొయ్యి దగ్గర ఉన్న భార్యనైనా కేకేసేవాడు. రెండో వేలు పడ్డాక తప్పు జరిగితే అది ఇద్దరిదీ. మళ్లీ ఆ గుర్తు మీద ఎవరూ అనుమానపడరు. తండ్రి పోయినా ఆ పద్ధతి ఈ సందులోని దుకాణానికి నడిచొచ్చింది.

వీరేందర్ లేచి వెళ్లాడు. మెడ వైపు గుంతలో చుక్కలు రెండూ చూశాడు. సరిగ్గా ఉన్నాయి. వేలు పెట్టి "కానీ" అన్నాడు. డ్రిల్ తిరిగింది, టేకు పొట్టు రింగులు రింగులుగా లేచింది. పికప్పు స్పాంజి మీద మెత్తగా కూర్చుని, స్క్రూలు బిగిసేకొద్దీ కిందికి దిగి, చెక్కలోంచి మొలిచినట్టు ఆగింది. చూడటానికి బాగుంది. బాగుండటమే అతనికి బాగోలేదు.

ఆ మధ్యాహ్నం వనస్థలిపురం నుంచి ఒక పెద్దాయన హార్మోనియం మోయించుకొని వచ్చారు. పద్మలత అప్పుడు బోరింగు దగ్గరికి నీళ్లకు పోయింది.

"ఆవిడ లేరాండీ?"

"నేను జూస్త సార్, చెప్పుండ్రి."

"అబ్బే, ఫర్లేదండీ. కాసేపు కూర్చుంటాను లెండి. పోయినసారి ఆవిడే చేశారు, చాలా శ్రద్ధగా చేశారు."

వీరేందర్ స్టూలు జరిపాడు. ఆయన కూర్చుని విసనకర్ర విసురుకుంటూ, ఎదురుగా ఉన్న అసలు మేస్త్రీ వైపు ఒక్కసారి కూడా చూడకుండా, బయట వచ్చే పోయే బండ్లను చూశారు. మెట్టు పక్కన పూలబుట్ట పెట్టుకొని కూర్చునే ఈరమ్మ మల్లెలు అల్లుతూ అంతా విన్నది.

"ముందొచ్చిన చెవులకన్న ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంటరు గదా కొడకా," అని బోసినోటితో నవ్వింది. ఆమె వేళాకోళానికే అన్నది. వీరేందర్‌కు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. డోలక్ తాడు ఎంత గట్టిగా లాగాడంటే అది చేతిలోనే తెగింది.

బుధవారం రెండో గుంత పని. తీగలు వచ్చి ముడిపడే కింది వైపు గుంత అది. పద్మలత అటు గోడ నుంచి ఇటు గోడకు స్కేలు పెట్టి కొలిచి, సరిగ్గా నడిమికి పికప్పు వచ్చేట్టు చుక్కలు పొడిచింది. ఫోన్ మోగితే బయటికి వెళ్లింది. వీరేందర్ సుత్తి కోసం లోపలికి వచ్చాడు. వచ్చి, ఊరికే ఆ గుంత వైపు చూశాడు.

చిన్నప్పటినుంచి దర్వాజల మూలలు చూసిన కన్ను అది. ఒక్క చూపుకే ఆ కంటికి గిటారు మెడ ఒక గీతగా, గుంత దానికి కొంచెం పక్కగా కనబడ్డాయి. కంపెనీవాడు ఈ గుంతను బియ్యపు గింజ మందాన పక్కకు జరిపి తవ్వాడు. ఇన్నాళ్లూ ఆ వంకరను చట్రం దాచింది. చట్రం పాత బెజ్జాలైనా ఉంటే తేడా తెలిసేది. వాటిని పద్మలత నిన్ననే అంత అందంగా మూసేసింది. గోడలను నమ్మి గుర్తు పెడితే పికప్పు గుంతకు నడిమిన కూర్చుంటుంది గానీ తీగలకు నడిమిన కూర్చోదు. పికప్పు మీద ఒక్కో తీగకు ఒక్కో ఇనుప చుక్క ఉంటుంది; సన్నతీగ కింద ఉండాల్సింది పక్కకు పోయి ఆ తీగ మోత చస్తుంది. ఒక దారం తీసుకొని మెడ పైనుంచి కింది దాకా పట్టి చూస్తే చాలు, పసిపిల్లకైనా తెలుస్తుంది.

దారం అతని పెట్టెలోనే ఉంది.

పద్మలత ఫోన్ పెట్టేసి వచ్చింది. "అంతయ్యే. రేపటిదాంక ఆగుమన్న," అని నవ్వుతూ డ్రిల్ అందుకుంది. "ఏలు వెట్టు."

వీరేందర్ వంగాడు. చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగానే ఉంది. ఒక్క మాట, 'దారం వట్టి చూడు' అంటే సరిపోతుంది. ఆ మాటతో పాటే హార్మోనియం పెద్దాయన విసనకర్ర, శైలేందర్ చాచిన మెడ, తెల్లరంగు కొట్టి ఎండబెట్టిన బోర్డు కూడా గుర్తొచ్చాయి. ఒక్కసారి తప్పు పోనీ. లోకం మునిగిపోదు. ఒక్కసారి ఆమె చెయ్యి కూడా తప్పుతుందని అందరూ చూడనీ.

దబ్బనం పొడిచిన చుక్క మీద చూపుడువేలు ఆనించాడు. టేకు ముక్క చల్లగా ఉంది.

"కానీ," అన్నాడు.

డ్రిల్ తిరిగింది. అతను మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. సుత్తి లోపలే మరచిపోయానని గుర్తొచ్చినా తిరిగి పోలేదు.

సాయంత్రం ఆమె కొత్తపేట రైతుబజార్ దగ్గర బండి ఆపించి మిర్చి బజ్జీలు కొంది. పొట్లం విప్పి మొదటిది అతని చేతిలో పెట్టింది.

"చెక్కల బెజ్జం గొట్టాలంటే నాకు పానం గుబగుబలాడ్తది. వైరు తప్పయితే మల్ల అతికిస్త. చెక్క గట్ల గాదాయె. నువ్వు ఏలు వెడ్తేనే నాకు ధైర్నం."

వీరేందర్ బజ్జీ కొరికాడు. తీగలు ఇంకా ఎక్కించలేదు, ఇప్పుడు చెప్పినా మించిపోయింది లేదు. చెబితే, వేలు పెట్టినప్పుడు ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. మిర్చి ఘాటుకు కళ్ల నీళ్లు వచ్చాయి. ఆమె నీళ్ల సీసా అందించింది. మింగలేక కక్కలేక ఆ బజ్జీని నీళ్లతో కిందికి దించాడు.

గురువారం శైలేందర్ చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. తీగలెక్కించిన గిటారును చూసి ఈలవేశాడు. ఎర్రటి చెక్కలో రెండు పికప్పులు ఏ చట్రమూ లేకుండా మెరుస్తున్నాయి. స్టూలు మీద కూర్చుని, వైరు చిన్న స్పీకరుకు తగిలించి మీటాడు. లావు తీగలు గట్టిగా, గుండ్రంగా మోగాయి. పద్మలత పెదవులు కొంచెం విడివడ్డాయి. శైలేందర్ వేళ్లు కిందికి దిగి సన్నతీగ మీదికి వచ్చాయి. పాట పల్లవి అక్కడే కదా ఉండేది. సన్నతీగ మూలిగింది.

"గిదేంది వదినా? సన్నతీగ సచ్చినట్టున్నది?"

"ఉండు," అని పద్మలత గిటారు తీసుకుంది. వెనక మూత విప్పింది. ఒక్కో అతుకూ వేలితో కదిలించి చూసింది. మళ్లీ ఐరన్ వేడిచేసి రెండు అతుకులు కొత్తగా వేసింది. తీగ మార్చింది. అదే మూలుగు. ఆమె విద్య కరెంటు కాబట్టి తప్పును కరెంటులోనే వెతికింది. గుర్తు మీదికి ఆమె మనసు పోనే లేదు, దాని మీద వేలు పడి ఉంది కాబట్టి. ముక్కు మీద చెమట పట్టింది. బయట ఈరమ్మ పూలల్లడం ఆపి చూస్తోంది.

వీరేందర్ కౌంటర్ దగ్గర కొత్త తాడుతో డోలక్ బిగిస్తూ తల ఎత్తలేదు.

"రేపే ప్రోగ్రాం వదినా..." శైలేందర్ గొంతు తగ్గింది. ఆ తర్వాత, ఎన్నో నెలలకు, వెనక్కి తిరిగాడు. "అన్నా. నువ్వన్న జర చూడరాదే."

ఎదురుచూసిన మాట వచ్చింది. వచ్చాక ఆగడం ఎవరి తరం? వీరేందర్ కూర్చున్న చోటినుంచే, తాడు మీదినుంచి కళ్లు తిప్పకుండానే చెప్పాడు.

"వైర్లల్ల ఏం లేదు. కింది గుంతను కంపెనోడే వంకర దీసిండు. గోడలు వట్టి కొలిస్తే గట్లనే అయితది. మెడకెల్లి దారం వట్టి చూడాలె."

శైలేందర్ గిటారు మీదికి వంగాడు. "నిజమే గద! సన్నతీగ చుక్క మీద లేనే లేదు, పక్కకు వడ్డది. అన్నా, కూసున్నకాడ కూసొని, చూడకుండనే చెప్పినవ్! ఉస్తాద్ ఉస్తాదే!"

ఒక్క ఊపిరి సేపు వీరేందర్ ఛాతీ నిండింది. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. నవ్వుతూ తల ఎత్తాడు.

పద్మలత గిటారును చూడటం లేదు. అతన్ని చూస్తోంది.

చూడకుండానే. నిన్న వేలు పెట్టిన తర్వాత అతను ఆ బల్ల దరిదాపులకు రాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట పృథివి దాకా పోలేదు, ఎదురుగా ఉన్న మనిషి దగ్గరే ఆగింది, అంతే. ఆమె కళ్లలో కోపం రావడం కోసం అతను చూశాడు. వస్తే బాగుండేది. అది రాలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా చూసి, తల దించుకుంది.

"తప్పు నాదే శైలేందర్. గుర్తు నేనే వెట్టిన," అంది. "రేపు పగటీలికి రా. సీదా జేసి పెడ్త."

"అన్న ఉన్నడు గద వదినా, ఏం పరేషాన్ లేదు," అని శైలేందర్ తేలికపడి వెళ్లిపోయాడు.

స్కూటర్ మీద ఆమె వెనక కమ్మీ పట్టుకొని కూర్చుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎర్రలైటు దగ్గర అడిగింది.

"ఏలు వెట్టినప్పుడే చూసినవా?"

వీరేందర్ అబద్ధం కోసం వెతికాడు. పక్కన బస్సు హారన్ కొట్టింది.

"సరే," అంది పద్మలత. లైటు పచ్చగా మారింది.

శుక్రవారం పొద్దున దుకాణం షట్టరు ఆమే ఎత్తింది. తీగలు వదులు చేసి, కింది పికప్పు విప్పింది. తప్పు బెజ్జాలలో వెదురు పుల్లలు జిగురుతో దిగ్గొట్టి, ఆరడానికి వదిలి, ఆ లోగా, పికప్పు జరగడానికి చోటు కోసం గుంత గోడను సన్న ఆకురాయితో గీకసాగింది. పైన రంగు చిట్లకుండా బొటనవేలు అంచుకు అడ్డం పెట్టుకుంది. గీకినప్పుడల్లా ఆ వేలు ఎర్రబడుతోంది. గోడ గీకడం ఎప్పుడూ వీరేందర్ పని. ఆమె ఇవ్వలేదు, అతను అడగలేకపోయాడు.

అతను ఫోన్ తీశాడు. లోపలికి వినబడేలా గట్టిగా మాట్లాడాడు.

"అంతయ్యా, రెండు పేర్లు రాయి. ఆఁ. పద్మలత అని ముందుగాల రాయి, పెద్దగ రాయి. నాది ఎనక. ఇయ్యాల్నే రాయి."

ఆకురాయి చప్పుడు ఆగలేదు. అతను గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

"అంతయ్యకు జెప్పిన," అన్నాడు.

"ఇన్న," అంది ఆమె.

పద్మలత గుంతలో పొట్టు ఊదేసి, లేచి, అతని పక్కనుంచే మెట్టు దాకా వెళ్లి ఈరమ్మ దగ్గర మల్లెలల్లే తెల్లదారం రెండు మూరలు తీసుకొచ్చింది. గిటారు మెడ పైకొసకు ఒక ముడి, తీగలు ముడిపడే కింది కొసకు ఒక ముడి వేసి, బిగుతుగా లాగింది. దారం గాలిలో సన్నగా వణికి నిలిచింది. దాని నీడను పట్టుకొని స్కేలు పెట్టింది, చూసింది, మళ్లీ పెట్టింది. దబ్బనం తీసుకొని టేకు మీద అటు ఒక చుక్క, ఇటు ఒక చుక్క పొడిచింది. డ్రిల్ అందుకుని పచ్చటేపు సరిచేసింది.

ఇప్పుడు పిలుస్తుంది. వీరేందర్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకొని పిలవకముందే రెండడుగులు లోపలికి వేశాడు. ఈసారి కన్ను పెట్టి చూస్తాడు. దారం కింద తల పెట్టి, ఒక కన్ను మూసి, కొట్టంలో తన బాపు చూసినట్టు చూస్తాడు. వంగి, చూపుడువేలు చాపాడు.

పద్మలత ఆ చుక్కల మీద అరచెయ్యి కప్పింది.

"అవ్వా!" అని బయటికి పిలిచింది. "ఈరమ్మవ్వా, జర ఇటు రా."

ఈరమ్మ మోకాళ్లు పట్టుకొని లేచి, మెట్టెక్కి వచ్చింది. "ఏంది బిడ్డా?"

"గీ చుక్క మీద ఏలు వెట్టు. దారానికి నడుమ ఉన్నదా లేదా చూసి కానీ అను."

"నాకేం ఎర్క బిడ్డా? పూలల్లేదాన్ని. నీ మొగడు నీ పక్కకే ఉండె గద?"

"ఎర్క లేకున్నా సరే అవ్వా. నువ్వు చూసి చెప్పు, చాలు."

ఈరమ్మ ఒకసారి వీరేందర్ మొహం, ఒకసారి పద్మలత మొహం చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకొని, దారం మీదికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఆ పక్కనుంచి ఒకసారి, ఈ పక్కనుంచి ఒకసారి చూసింది. మల్లెల తడి ఆరని వేలు చుక్క మీద పెట్టింది.

"నడిమికే ఉన్నది బిడ్డా," అంది. "కానీ."

డ్రిల్ తిరిగింది. టేకు పొట్టు లేచి వీరేందర్ చేతి మీద పడింది. అతని వేలు ఇంకా చాచే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు.